పాత ఫైబర్ బోటు కొన్న తమ్ముడికి: ముందు వెనక పలక సంగతి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 28 అడుగుల ఫైబర్ బోటు, ఆరేళ్ల పాతది, ఉప్పాడ వైపు కొన్నావు. మోటారు బిగించే వెనక పలక మూలల్లో వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్లు ఉన్నాయి. వేటకెళ్లిన ప్రతిసారీ రెండు మూడు బకెట్ల నీళ్లు తోడాల్సి వస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఈ 61 రోజుల్లో బోటుని నీకు కావలసినట్టు మార్పించుకోవాలని నీ ఆలోచన. పక్కలు అరడుగు ఎత్తు చేయించాలి, 10 హెచ్‌పీ మోటారు తీసేసి 25 హెచ్‌పీ పెట్టాలి, అణియంలో (బోటు ముందు కొనలో) ఐసు పెట్టె కట్టించాలి. ఈ మూడింట్లో ఏది ముందు అని అడిగావు.

ముందు చేయాల్సిన పని నీ మూడింట్లో లేదు. నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన ఆ పగుళ్లు, ఆ రెండు బకెట్ల నీళ్లు, అసలు పని అదే. నువ్వు చేయించాలనుకున్నవన్నీ బోటు మీద బరువో, ఒత్తిడో పెంచేవి. ఆ ఒత్తిడి మోయాల్సిన వెనక పలక ఇప్పటికే జబ్బుతో ఉందని నా అనుమానం.

నేను తాళ్లరేవు, కాకినాడ మధ్య పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదట్లో చెక్క నావల పలకల సందుల్లో దూది కూరే మేస్త్రి దగ్గర చేరాను. తాళ్లరేవు, కోరంగి అంటే ఒకప్పుడు సముద్రం దాటే ఓడలు కట్టిన ఊళ్లు. 1839 తుపానుతో కోరంగి రేవు దెబ్బతిన్నా, చెక్క పని మాత్రం ఈ వైపు చాలాకాలం బతికింది. తర్వాత తెప్పలు, నావలు తగ్గి ఫైబర్ వచ్చింది. 2004 సునామీ తర్వాత ఊరూరా ఫైబర్ బోట్లే. మేమూ చేతిలోంచి ఉలి దింపి రోలర్ పట్టుకున్నాం. ఫైబర్‌కి చెద పట్టదు, పుచ్చదు అని అప్పట్లో అందరం నమ్మాం. ఫైబర్ నిజంగానే పుచ్చదు. కానీ దాని లోపల దాచిన చెక్క పుచ్చుతుంది. వెనక పలక అంటే రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్. పైకి తెల్లగా నిగనిగలాడుతూ, లోపల తడిసిన అట్టపెట్టెలా అయిపోయిన పలకలు నేను లెక్కలేనన్ని కోశాను.

నీ బోటు సంగతి తేల్చుకోవడానికి మేస్త్రి అక్కర్లేదు. మోటారు పలక మీదే ఉండగా దాని కాలు పైకి లేపి, చివర పట్టుకుని కిందికీ పైకీ గట్టిగా ఊపు. ఇంకొకర్ని పలక మూలల్లో వేలు పెట్టి చూడమను. పగులు తెరుచుకుని మూసుకుంటున్నట్టు వేలికి తగిలితే పలక వంగుతోందన్నమాట. తర్వాత మోటారు దింపి, స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా అంగుళం అంగుళం తట్టు. గట్టి చోట ‘టక్ టక్’ మంటుంది. పుచ్చిన చోట తడి గోడని కొట్టినట్టు ‘డబ్ డబ్’ మంటుంది. అనుమానం ఉన్న చోట లోపలి వైపు నుంచి 6 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం వెయ్యి, బయటి పొర దాకా పోనివ్వకు. వచ్చిన పొట్టు చేతిలో వేసుకుని నలుపు. పొడిగా, లేత రంగులో ఉంటే చెక్క బతికే ఉంది, ఆ రంధ్రం రెజిన్ (ఫైబర్ పోగుల్ని పట్టి గట్టిపడే జిగురు ద్రవం) పుట్టీతో మూసెయ్. నల్లగా, తడిగా, పులిసిన వాసనతో వస్తే ఇంక ఆలోచించాల్సింది లేదు, పలక మార్చాల్సిందే. అడుగున, మోటారు బిగింపుల దగ్గర, నీళ్లు వదిలే బిరడా చుట్టూ, ఈ మూడు చోట్లా తప్పకుండా చూడు. చెడడం అక్కడే మొదలవుతుంది.

ఎందుకు అక్కడే అంటే, రంధ్రాల వల్ల. బోల్టు కోసం పలకలో రంధ్రం వేసి, బోల్టు బిగించి, పైన కాస్త సీలెంటు రాసి వదిలేస్తారు. మోటారు అదురుకి ఆ సీలెంటు ఆరు నెలల్లో ఊడుతుంది. అక్కడినుంచి ప్రతి వేటకీ చెంచాడు నీళ్లు ప్లైవుడ్‌లోకి పోతూనే ఉంటాయి. నేను సొంతంగా పని మొదలుపెట్టిన రెండో ఏడు చేసిన ఒక పలక ఇలాగే పోయింది. ప్లై మంచిదే వేశాను, రెజిన్ మంచిదే వాడాను, రంధ్రాల లోపలి అంచు మాత్రం మూయలేదు. మూడేళ్లకి మోటారు, పలక ముక్కతో సహా ఊడి సముద్రంలో పడింది. బోటులో ముగ్గురున్నారు. పక్క బోటు వాళ్లు చూసి తాడు వేసి లాక్కొచ్చారు కాబట్టి సరిపోయింది. ఆ ముగ్గురి ఇళ్లకీ వెళ్లి తప్పు నాదేనని చెప్పి, పలక మళ్లీ కట్టిచ్చాను. అప్పటినుంచి ఒక్క రంధ్రం కూడా వట్టిగా వదల్లేదు. పద్ధతి కష్టమైనదేం కాదు. 10 మిల్లీమీటర్ల బోల్టు అయితే ముందు 16తో రంధ్రం వెయ్యి, దాన్ని రెజిన్, తరిగిన ఫైబర్ కలిపిన చిక్కటి పుట్టీతో నిండుగా పూడ్చు, మర్నాడు దాని మధ్యలో 10తో రంధ్రం వెయ్యి. బోల్టు చుట్టూ మూడు మిల్లీమీటర్ల రెజిన్ గోడ ఉంటుంది. సీలెంటు పోయినా నీరు చెక్కని తాకదు.

పలక మార్చాల్సి వస్తే లోపలి వైపు నుంచే కొయ్యమను, బయటి పొర జోలికి పోవద్దను. బయటి పొర ఉంటే బోటు ఆకారం చెడదు, అదే అచ్చులా పనికొస్తుంది. పుచ్చిన ప్లై అంతా ఉలితో తవ్వి తీసి, గ్రైండర్‌తో గరుకు చేసి, పూర్తిగా ఆరనివ్వాలి. కొత్తగా వేసేది ఐఎస్ 710 ముద్ర ఉన్న మరైన్ ప్లై అయి ఉండాలి. దుకాణంలో ‘వాటర్‌ప్రూఫ్’ అని చెప్పి ఇచ్చేదంతా అది కాదు, షీటు మీద ముద్ర చూసి తీసుకో. 18 మిల్లీమీటర్ల షీట్లు రెండు అతికిస్తే 36 అవుతుంది, రెండు వైపులా ఫైబర్ పొరలతో కలిపి 45 దాటుతుంది. నీ మోటారు బిగింపు ఎంత వెడల్పు దాకా తెరుచుకుంటుందో ముందే కొలిచి పెట్టుకో. ప్లై అంచులే నీళ్లు తాగే నోళ్లు, కాబట్టి బిగించే ముందే అంచులకి రెండు పూతల రెజిన్ పట్టించాలి. బయటి పొర మీద రెజిన్‌తో తడిపిన మ్యాట్ (తరిగిన ఫైబర్ పోగుల చాప) పరిచి, ప్లైని దాని మీద నొక్కి, బోల్టులతో అన్ని వైపులా సమంగా లాగి బిగించాలి, మధ్యలో గాలి మిగలకూడదు. తర్వాత మూలలన్నీ పుట్టీతో గుండ్రంగా నింపి, పలక నుంచి పక్కల మీదికీ అడుగు మీదికీ కనీసం ఆరంగుళాలు పాకేలా మ్యాట్, రోవింగ్ (ఫైబర్ పోగులతో నేసిన గుడ్డ) వెయ్యాలి. ఈ పాకే పొరలే పలకని బోటుకి కట్టేవి. నీ బోటు మూలల్లో పగుళ్లు కనబడుతున్నాయంటే, మొదట కట్టినవాళ్లు ఇక్కడ పీనాసితనం చేసి ఉంటారు. పలక మధ్య నుంచి అడుగు వెన్ను (అడుగు మధ్యలో పొడవునా ఉండే గట్టి భాగం) దాకా ఒక మోకాలు బద్ద కూడా పెట్టించు. నెట్టే బలమంతా వెన్నులోకి పోతుంది, మూలల మీద పడదు.

ఇక నీళ్ల సంగతి. ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియకుండా అడుగంతా పుట్టీ పూసేవాళ్లున్నారు, అది దండగ. బోటుని ఇసుక మీద సమంగా కూర్చోబెట్టి, అడుగు కనబడేలా మూడు చోట్ల దిమ్మలు పెట్టి, లోపల చీలమండ లోతు మంచినీళ్లు పొయ్యి. అంతకు మించి పొయ్యకు, ఒడ్డు మీద ఉన్న బోటు లోపలి నీటి బరువుకి కట్టింది కాదు, పగిలిపోతుంది. గంట ఆగి కింద పడుకుని చూడు. ఎక్కడ చెమ్మ బొట్టు కడుతుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టు. నా అనుభవంలో ముప్పాతిక వంతు బోట్లకి మూడే చోట్లు: బిరడా గూడు, వెన్ను పట్టీ బిగించిన బోల్టులు, వెన్ను వెనక చివర. ఒడ్డుకి లాగేటప్పుడు బరువంతా ఆ వెనక చివర మీదే ఈడ్చుకుపోతుంది. ట్రాక్టరు కట్టి లాగే చోట ఇంకా తొందరగా అరుగుతుంది. కోతకి ఇసుక పోయి రాళ్లు తేలిన ఉప్పాడ ఒడ్డున తిరిగిన బోటు కాబట్టి అడుగు మీద గీతలు కూడా జాగ్రత్తగా చూసుకో. జెల్‌కోట్ (పైనున్న నునుపు పూత) దాటి ఫైబర్ పోగులు కనబడే ప్రతి గీతా నీళ్లు పీల్చే ఒత్తిలాంటిదే.

అతుకు వేసే ముందు మంచినీళ్లతో బాగా కడుగు, గ్రైండర్ ఆ తర్వాతే. చాలామంది గ్రైండర్‌తో మొదలుపెడతారు, అప్పుడు ఉప్పు పోగుల్లోకి దిగి కూర్చుంటుంది. ఉప్పు నీటిని లాగుతుంది, రెజిన్ పట్టదు. కడిగాక ఎండలో పెట్టు. ఆరిందో లేదో తెలియడానికి గీకిన చోట పాలిథిన్ కాగితం పరిచి నాలుగు వైపులా టేపు అంటించి, ఎండలో రెండు మూడు గంటలు ఉంచు. కాగితం లోపల చెమ్మ పడితే ఇంకా ఆరలేదు. మే ఎండలు ఈ పనికి దేవుడిచ్చినవి. వానాకాలంలో పదిహేను రోజులు పట్టే ఆరుదల ఇప్పుడు నాలుగైదు రోజుల్లో అయిపోతుంది.

కానీ అదే ఎండ రెజిన్‌కి శత్రువు. మే నెల మిట్టమధ్యాహ్నం కలిపిన రెజిన్ డబ్బాలోనే గడ్డకట్టి పొగలొస్తుంది. తాటాకు పందిరి వేసుకుని, పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి పదింటికల్లా ఆపెయ్యాలి. ఈ వేడికి కిలో రెజిన్‌కి 10 మిల్లీలీటర్ల హార్డనర్ (రెజిన్ గట్టిపడేలా చేసే మందు) చాలు, ఒకసారికి అరకిలో మించి కలపొద్దు. నీళ్లలో ఉండే భాగానికి ఐసో రెజిన్ అని అడిగి కొను, మామూలు రెజిన్ కంటే ఖరీదైనా నీటికి ఎక్కువ కాలం నిలుస్తుంది. రెజిన్‌లో కోబాల్ట్ (గట్టిపడడాన్ని తొందర చేసే మందు) ముందే కలిపి ఉందా లేదా అని కూడా అడుగు. విడిగా ఇస్తే మాత్రం ఇది గుర్తుపెట్టుకో: కోబాల్ట్, హార్డనర్ రెండూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, మంట లేస్తుంది, పేలుతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో బాగా కలిసిపోవాలి, ఆ తర్వాతే హార్డనర్. రెండు సీసాలూ వేరు వేరు చోట్ల ఉంచు. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లజోడు లేకుండా సీసా మూత తియ్యొద్దు. పడిందా, పావుగంట ఆగకుండా మంచినీళ్లతో కడిగి, నేరుగా ఆస్పత్రికి.

అతుకు అంచులు ఏటవాలుగా గీకాలి, మందానికి పన్నెండు రెట్లు. నీ బోటు అడుగు 6 మిల్లీమీటర్లయితే రంధ్రం చుట్టూ దాదాపు మూడంగుళాల వాలు. ఇది చూసి ‘చిన్న రంధ్రానికి ఇంత గీకాలా’ అంటారు. అవసరమే, ఎందుకంటే పాత ఫైబర్‌కీ కొత్తదానికీ మధ్య ఉండేది అతుకు పట్టే, పోగుల అల్లిక కాదు. పట్టు ఎంత వెడల్పుంటే అంత బలం. ఎసిటోన్‌తో తుడిచి, 450 మ్యాట్ ఒకటి, 600 రోవింగ్ ఒకటి (ఈ అంకెలు చదరపు మీటరుకి గ్రాముల బరువు), మళ్లీ మ్యాట్, ఇలా మార్చి మార్చి వెయ్యి. 450 మ్యాట్ ఒక పొర మిల్లీమీటరు మందం ఇస్తుంది, రోవింగ్ దానికి కాస్త తక్కువ. నాలుగు మ్యాట్లు, మూడు రోవింగులు వేస్తే నీ 6 మిల్లీమీటర్లు వచ్చేస్తాయి. నేను పెద్ద ముక్క ముందు, చిన్నది తర్వాత వేస్తాను. చివర్లో గీకేటప్పుడు అడుగున ఉన్న పెద్ద ముక్క తెగకుండా ఉంటుంది. రెజిన్ ఎక్కువ పోస్తే బలం అనుకోవద్దు. బలం పోగులది, రెజిన్ పోగుల్ని పట్టి ఉంచేది మాత్రమే. కిలో మ్యాట్‌కి రెండు నుంచి రెండున్నర కిలోల రెజిన్, కిలో రోవింగ్‌కి కిలో. రోలర్‌తో గాలి బుడగలన్నీ బయటికి తోలెయ్యాలి. తెల్లగా మిగిలిన ప్రతి మచ్చా రెజిన్ అందని చోటే.

ఇవన్నీ చేశాక వెన్ను మీద అదనంగా రెండు మ్యాట్లు వేయించు. అవి అరగడానికే. రెండేళ్లకోసారి అవి పోతే మళ్లీ వేసుకోవచ్చు, అసలు ఒళ్లు అరిగితే వేసుకోలేం. రంగు సంగతి ఒక్క మాట: రోజూ ఒడ్డెక్కే బోటుకి నాచు మందు రంగు అక్కర్లేదు. ఉప్పుటేట్లో కట్టి ఉంచే బోట్లకే అది.

ఇప్పుడు నువ్వు అడిగిన మార్పుల దగ్గరికొస్తాను.

25 హెచ్‌పీ వద్దు. కోపం తెచ్చుకోకు, లెక్క చెబుతాను. నీటిని చీల్చుకుంటూ పోయే బోటుకి పొడవుని బట్టి ఒక వేగం హద్దు ఉంటుంది. నీటిలో మునిగే పొడవు అడుగుల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, 1.34తో గుణిస్తే వేగం నాట్లలో (గంటకి ఇన్ని సముద్ర మైళ్లు అని) వస్తుంది. నీ 28 అడుగుల బోటుకి నీటి గీత దగ్గర 25 అడుగులు ఉంటుందనుకో. వర్గమూలం 5, గుణిస్తే 6.7 నాట్లు. సన్నటి, తేలికపాటి బోటు దీన్ని కొంత దాటుతుంది, కానీ వలలు, ఐసు, నలుగురు మనుషులు ఎక్కాక దాటడం కష్టం. ఆ హద్దు దగ్గర ఎంత బలం పెట్టినా బోటు తన అల మీదికి తానే ఎక్కడానికి పెనుగులాడుతుంది, వెనక కూరుకుపోతుంది. 10 హెచ్‌పీ పూర్తిగా తిప్పితే గంటకి నాలుగు లీటర్ల దాకా తాగుతుంది, 25 అయితే తొమ్మిది, పది. అంత ఖర్చు పెట్టి అరగంట ముందు ఒడ్డుకొస్తే, ఆ అరగంటలో చేప ధర ఎంత పెరుగుతుందో నువ్వే చెప్పు. పైగా బరువు, నెట్టుడు రెండూ పెరిగి, ఇప్పుడు బాగుచేసిన పలక మీదే పడతాయి.

వేగం తక్కువనిపిస్తే ముందు రెండు విషయాలు సరిచూడు. మోటారు ఎత్తు సరిగ్గా ఉందా? ప్రొపెల్లర్ మీద ఉండే అడ్డరేకు బోటు అడుగుకి సమంగానో, అంగుళం కిందో ఉండాలి. పైకి ఉంటే అలల్లో గాలి మింగి వట్టినే గిర్రున తిరుగుతుంది, మరీ కిందికి ఉంటే నీటిని ఈడుస్తుంది. పొట్టి కాలు మోటారుకి 15 అంగుళాల పలక, పొడుగు కాలుకి 20. పాత బోట్లలో ఇది తప్పి ఉండటం నేను తరచూ చూస్తుంటాను. రెండోది ప్రొపెల్లర్ రెక్కలు. అంచులు వంగి, గాట్లు పడి ఉంటే మార్చు. దాన్ని విప్పినప్పుడు వెనక షాఫ్టుకి వల దారం చుట్టుకుందేమో చూడు. నైలాన్ దారం సీలుని కోసేస్తుంది, గేరు ఆయిల్‌లోకి నీళ్లొస్తాయి. ఆయిల్ పాలలా తెల్లగా వస్తే అదే గుర్తు. నూరు గంటలకోసారో, ఆరు నెలలకోసారో ఆయిల్ మార్చు. నీటి పంపులో రబ్బరు ఇంపెల్లర్ ఏడాదికోసారి మార్చు, బాగానే కనబడుతోందని ఆగొద్దు. జింకు ముక్కలు (మోటారు లోహానికి బదులు తాము తుప్పుకి అరిగేవి) సగం అరిగాయంటే కొత్తవి వెయ్యి, వాటి మీద మాత్రం రంగు వెయ్యొద్దు, వేస్తే పని చెయ్యవు. వేట నుంచి రాగానే డ్రమ్ములో మంచినీళ్లు పోసి పది నిమిషాలు మోటారు తిప్పడం ఇన్నింటి కంటే ముఖ్యం.

కెరటాల్లో బోటు తిరగబడి మోటారు మునిగిందనుకో, నువ్వు ఉండే తీరంలో ఇది ఎప్పటికైనా జరుగుతుంది. బయటికి తీసి ఎండలో ఆరబెట్టడం పెద్ద తప్పు. గాలి తగిలిన క్షణం నుంచే లోపల తుప్పు మొదలవుతుంది. వెంటనే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు విప్పి, తాడు లాగి లోపలి నీళ్లు కక్కించి, ప్లగ్గు రంధ్రాల్లో నూనె పోసి మళ్లీ లాగు. అదే రోజు మెకానిక్ చేతిలో పెట్టి నడిపించాలి. మెకానిక్ మర్నాటి దాకా దొరకడంటే మోటారుని మంచినీళ్ల డ్రమ్ములో ముంచే ఉంచు. వింతగా అనిపించినా బతికేది ఆ మోటారే.

పక్కలు ఎత్తు చేయడం గురించి. బరువు పెద్ద సమస్య కాదు, 30, 40 కిలోలు మించదు. కానీ రోజుకి వందల బారల వల లాగే చేతులు ఆ అరడుగు మీదుగా లాగాలి. నెల తిరిగేసరికి నడుములు పడిపోతాయి. గాలి కూడా ఎక్కువ పడుతుంది. హోప్ ఐలాండ్ చాటున కాకినాడ అఖాతంలో వేటాడే బోటుకి అసలు అవసరమే లేదు. నువ్వు ఉప్పాడ లాంటి తెరిచి ఉన్న తీరంలో కెరటాలు దాటాలి కాబట్టి, ముందు మూడో వంతు మాత్రం ఎత్తు చేయించు, అంటే అణియం నుంచి తొమ్మిది అడుగులు, క్రమంగా తగ్గుతూ వచ్చేలా. దాని వెనక అడ్డంగా ఒక పలక పెట్టించు, మీదపడిన నీళ్లు పక్కలకి పోతాయి. వల లాగే చోట అంచు అలాగే ఉంచి, పీవీసీ పైపు నిలువుగా చీల్చి అంచు మీద తొడిగించు. వల చిక్కదు, తెగదు. ఇదొక్కటీ తక్కువ ఖర్చుతో నీ కలాసీలు సంతోషించే మార్పు.

ఐసు పెట్టె కచ్చితంగా కావాలి, ఈ మాటలో నేను పూర్తిగా నీ వైపే. మన ఎండలకి కిలో చేపకి కిలో ఐసు లెక్క, ఐసు లేక మెత్తబడిన వంజరం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కానీ అణియంలో వద్దు. 300 లీటర్ల పెట్టె ఐసు, చేపతో నిండితే రెండు వందల కిలోలు దాటుతుంది. ముందు అంత బరువుంటే కెరటం మీదికి బోటు లేవదు, అందులోకి తల దూరుస్తుంది. బోటు మధ్యలో, అడుగున, వెన్నుకి అటూ ఇటూ సమంగా పెట్టు. కట్టించొద్దు, విడిగా చేయించి బెల్టులతో బిగించు, ఒడ్డుకి రాగానే దింపేసుకోవచ్చు. గోడల మధ్య మూడు నాలుగంగుళాల పీయూ (పాలీయురేథేన్) ఫోము మేలు. థర్మాకోల్‌తో చేయిస్తే ఒక జాగ్రత్త: పాలిస్టర్ రెజిన్ తగిలితే థర్మాకోల్ కళ్లముందే కరిగిపోతుంది. ముందు పాలిథిన్ చుట్టి, ప్లై మధ్య పెట్టి, ఆ పైన ఫైబర్ వెయ్యాలి. మూత అంచుకి రబ్బరు, అడుగున నీళ్లు వదిలే బిరడా మర్చిపోకు. కరిగిన నీళ్లలో చేప నానకూడదు.

నువ్వు అడగనిది ఒకటుంది, అది నేను చెప్పకుండా ఉండలేను. నీ బోటు నిండా నీళ్లొస్తే తేలుతుందా? చెక్క తెప్ప తిరగబడ్డా మునిగేది కాదు, పట్టుకుని గంటలు గడిపేవాళ్లు. ఫైబర్ నీటి కంటే బరువు, మునుగుతుంది. ఒళ్లు 700 కిలోలనుకుంటే నీటిలో మునిగాక కూడా 260 కిలోల దాకా కిందికి లాగుతుంది. మోటారు, లంగరు కలిపితే 320 పైనే. నలుగురు పట్టుకుని వేలాడాలంటే 450, 500 లీటర్ల గాలి బోటులో బందీగా ఉండాలి. కట్టేటప్పుడు ఫోము గదులు పెడతారు, కానీ ఆరేళ్ల బోటులో ఆ ఫోము నీళ్లు తాగి ఉండొచ్చు. గది అడుగున చిన్న రంధ్రం వేసి చూడు. నీళ్లు కారితే ఆ ఫోము తేల్చదు, ముంచుతుంది. తీసి పారేసి, డబ్బు చాలకపోతే గట్టి మూత ఉన్న 20 లీటర్ల ఖాళీ క్యాన్లు పాతిక తెచ్చి, పక్కల అంచు కింద, అణియంలో, వెనక మూలల్లో పట్టీలతో గట్టిగా బిగించు. అడుగున మాత్రం పెట్టకు. గాలి అడుగున ఉంటే నిండిన బోటు తలకిందులుగా తిరుగుతుంది. గాలి పైన, పక్కల్లో ఉంటే నిటారుగా తేలుతుంది, తోడుకుని బయటపడొచ్చు.

హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ తర్వాత విశాఖ వైపు బోట్లు బాగుచేయడానికి వెళ్లాను. పక్కపక్కనే ఉన్న రెండు బోట్లు, ఒకటి మునిగింది, ఒకటి తేలింది. కోసి చూస్తే మునిగినదాని ఫోము స్పాంజిలా పిండితే నీళ్లొచ్చాయి. ఆ రెండూ ఖాళీ బోట్లు కాబట్టి ప్రాణాలు పోలేదు.

మోటారు మార్చినా, బోటు కొలతలు మారినా మత్స్యశాఖలో రిజిస్ట్రేషన్, లైసెన్సు కాగితాల్లో కూడా మార్పించుకో. కొన్న బోటు నీ పేరు మీదికి మారిందో లేదో చూసుకో. లేకపోతే నిషేధ భృతికీ, నష్టపరిహారానికీ నువ్వు కాళ్లరిగేలా తిరగాలి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 బోటు లోపల పెయింటుతో రాయించు. రెండు తెడ్లు, రెండు ప్లగ్గులు, ప్రొపెల్లర్ పిన్నులు, తాడు ఒక డబ్బాలో ఎప్పుడూ బోటులోనే ఉండాలి.

డబ్బు ఎంతుందో నువ్వు రాయలేదు. తక్కువుంటే ఈ నిషేధంలో పలక, అడుగు, క్యాన్లు, విడి ఐసు పెట్టె, ఇంతే చెయ్యి. ముందు భాగం ఎత్తు వచ్చే ఏడాది చూసుకుందువు గాని. రేపు పొద్దున్నే మోటారు దింపి, చెప్పిన మూడు చోట్లా రంధ్రాలు వేసి, వచ్చిన పొట్టు తెల్ల కాగితం మీద వేసి ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఏ రంధ్రంలోంచి ఏది వచ్చిందో పక్కన రాయి. పలక మొత్తం మార్చాలా, కింది భాగం చాలా అన్నది అది చూసి చెబుతాను.